కొళాయి దగ్గర లాటిన్

మన బడి పూర్వవిద్యార్థుల కమిటీ వాట్సాప్‌లో మూడోసారి గుర్తుచేశాక రాస్తున్నాను. "ఒక్క పేజీ చాలు డాక్టర్ గారూ" అన్నాడు సెక్రటరీ. వాడు నన్ను గారూ అనడమే విడ్డూరం. నా ట్రంకుపెట్టెలో ఊరమిరపకాయలు తిన్నదెవడో ఇద్దరికీ తెలుసు. ఒరే, బ్యానర్ మీద 'అలుమ్నీలు' అని వేయించకండి. అలుమ్నీ అంటేనే బహువచనం. ఫాదర్ గారుంటే ఎర్రసిరా సీసా అంతా అయిపోయేది.

ఎనిమిదిలో నేనూ బొండాం బకెట్ కోసం కొట్టుకున్న సంగతి తెలిసిందే. వాడి పన్ను, నా చొక్కా. ఫాదర్ గారు బెత్తం తెస్తారనుకుంటే సుద్దముక్క తెచ్చారు. కొళాయి గట్టు మీదే 'రైవల్' అని, పక్కన 'రివస్' అని రాశారు. రివస్ అంటే లాటిన్‌లో వాగు. ఒకే వాగు నీళ్లు వాడుకునేవాళ్లు రివాలిస్‌లు. "అంటే పైచేనోడూ కిందిచేనోడూనా ఫాదర్!" అన్నాడు బొండాం, రక్తం ఉమ్ముతూనే. నీళ్ల వంతు వస్తే వాళ్ల నాన్న అర్ధరాత్రయినా పార భుజాన వేసుకుని పోయేవాడు మరి. ఫాదర్ అంతలా నవ్వడం మళ్లీ చూడలేదు.

చర్చిలో పూజ లాటిన్‌లోంచి తెలుగులోకి మారి అప్పటికి పదేళ్లు. పని లేకుండా మిగిలిపోయిన ఆ భాషని ఆయన శనివారం సాయంత్రాలు మా ఆరుగురి మీద ఖర్చుపెట్టారు. సిలబస్ లేదు, మార్కుల్లేవు. కాంపోజిషన్‌లో 'నైస్' కనిపిస్తే సున్నా చుట్టి "నెస్కియుస్!" అనేవారు. ఏమీ తెలియనివాడు అని. ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు నైస్ అంటే తెలివితక్కువ. తర్వాత చాదస్తం, నాజూకు అంటూ తిరిగి తిరిగి, 18వ శతాబ్దంలో 'బాగుంది' దగ్గరికి చేరింది. మనలో కొందరి దారీ అదే, పేర్లెందుకు.

తొమ్మిది, పది ఎలా గడిచాయో అడగొద్దు. ఒక్క శనివారం మాత్రం గుర్తుంది. ప్యుపిల్ అనే మాటకి మూలం 'పూపిల్లా', చిన్న బొమ్మ. ఎదుటివాడి కంట్లో మన బొమ్మ బుల్లిగా కనిపిస్తుంది కదా, అందుకని. "తెలుగులో ఏమంటార్రా?" అన్నారు. "కంటిపాప" అన్నాను. చేతిలో సుద్దముక్క నా జేబులో వేశారు.

ముప్పై ఏళ్లుగా కంటిపాపల్లోకే టార్చి కొడుతున్నాను. వాటిలో బట్టతల బొమ్మొకటి కనిపిస్తుంటుంది. నిరుడు బొండాం శుక్లానికి నేనే ఆపరేషన్ చేశాను. మర్నాడు కట్టు విప్పి, "ఎలా ఉందిరా?" అన్నాను.

"నైస్" అన్నాడు వెధవ.