అన్నీ రొయ్యల అలర్జీ కాదు

"రొయ్యలు పడలేదు సార్, ఒక సెట్రిజిన్ ఇవ్వండి చాలు." ఇవాళ కావలిలో మందుల షాపు కౌంటర్ దగ్గర ఓ కుర్రాడు. ముంజేతుల నిండా దద్దుర్లు.

సరే, రొయ్యలే అనుకుందాం. మరి జ్వరం దేనికి? వేళ్ల కణుపులు, మోకాళ్లు ఎందుకు పట్టేశాయి?

లివర్‌ని వాచేలా చేసే వైరస్ జబ్బు హెపటైటిస్ బి కొందరిలో ఇలాగే మొదలవుతుంది. వైరస్ పైపొర ప్రోటీనూ, దాని మీద ఒంట్లో తయారైన యాంటీబాడీలూ అతుక్కుని గుంపులై, చర్మంలోని సన్నటి రక్తనాళాల్లో, కీళ్లలో చేరతాయి. కళ్లు పచ్చబడేది ఆ తర్వాత, ఒక్కోసారి వారాలకు. కొందరికి అసలు పచ్చబడవు.

దద్దురు చుట్టూ పెన్నుతో గీత గీయండి. మామూలుదైతే 24 గంటల్లోపు అక్కడ మాయమై ఇంకోచోట లేస్తుంది. రోజు దాటినా కదలకుండా, దురద కన్నా మంట ఎక్కువై, తగ్గాక కమిలిన మచ్చ మిగిలితే రక్తనాళమే వాచిందేమో చూడాలి.

అప్పుడు రక్తపరీక్షలు చేయించాలి: లివర్ ఎలా ఉందో చెప్పే ఎస్‌జీపీటీ, బిలిరుబిన్, ఆ వైరస్ పైపొర ప్రోటీన్‌ని పట్టే హెచ్‌బీఎస్‌ఏజీ. దాంతోపాటే, కొత్తగా సోకినప్పుడు పుట్టే యాంటీబాడీని చూసే యాంటీ హెచ్‌బీసీ ఐజీఎం కూడా, ఎందుకంటే కొన్నాళ్లు హెచ్‌బీఎస్‌ఏజీ నెగటివ్ చూపించే సందు ఒకటుంది.

సెట్రిజిన్ దురదకే. తేలేదాకా స్టెరాయిడ్ సూది జోలికి పోవద్దు, హెపటైటిస్ బి ఉంటే వైరస్‌కు ఎరువేసినట్టే. పసరు మందు సంగతి నన్నడగొద్దు, తిట్లొస్తాయి.

దద్దుర్లొచ్చిన ప్రతివాళ్లూ ల్యాబుకి పరిగెత్తక్కర్లేదు. ఎక్కువ వాటికి లివర్‌తో సంబంధమే ఉండదు. జ్వరం, కీళ్ల నొప్పులు, ముదురు రంగు మూత్రం తోడైతే మాత్రం ఆలస్యం చేయొద్దు.

పాజిటివ్ వస్తే ఇంట్లోవాళ్లకీ పరీక్ష. రక్షణ లేనివాళ్లకు 0, 1, 6 నెలల్లో టీకా.