జౌగడలో ఇళ్లు ఎక్కడ?

తారాతారిణి కొండ మీద మా అక్క మనవడికి పుట్టువెంట్రుకలు తీయించిన రోజది. చైత్రమాసం, పైగా మంగళవారం. గంజాం జిల్లాలో సగం జనం ఆ కొండ మీదే ఉన్నారా అన్నంత రద్దీ. 999 మెట్లు ఎక్కే ఓపిక మాలో ఎవరికీ లేక రోప్‌వే దగ్గర వరుసలో నిలబడ్డాం. మొక్కు తీరి, పిల్లవాడి ఏడుపు తగ్గి, గుండుకు గంధం పూశాక, అందరూ పులిహోర పొట్లాలు విప్పుతున్న సమయం చూసుకుని మావయ్య దగ్గర మాట కదిపాను.

"అశోకుడి శాసనాలున్న జౌగడ ఇక్కడికి దగ్గరే కదా మావయ్యా, వెళ్లి వద్దామా?"

"ఏముందమ్మా అక్కడ? ఒక బండ, చుట్టూ పొలాలు. బండ మీద రాసింది నీకు చదవడం రాదు, నాకూ రాదు. పొలాలంటావా, దారి పొడవునా ఉన్నాయి."

ఆయన బరంపురంలో తెలుగు బడిలో ముప్పై ఏళ్లు సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యారు. అశోకుడి పాఠం ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. ఆ విసుగంతా ఎండ మీద విసుగని నాకు తెలుసు. పులిహోర అయిపోయేసరికి ఆయనే లేచి, "పద, మళ్లీ ఎండెక్కుతుంది" అన్నారు.

నిజానికి నేను వెళ్లాలనుకున్నది బండ కోసం కాదు, ఇళ్ల కోసం. బరంపురంలో అమ్మమ్మగారి ఇల్లు బేరం కుదిరింది. మావయ్య, అత్తయ్య ఫ్లాటుకు మారుతున్నారు. సామాన్లు సర్దడానికని నేను వచ్చి వారం అయింది. ఇత్తడి బిందెలు ఎవరికి, మడత మంచం ఎవరికి అని పంపకాలు చేస్తూ చేస్తూ, ఇల్లు పోయాక ఇంటి గుర్తుగా ఏది మిగులుతుందన్న ఆలోచన పట్టుకుంది. గోడలైతే మిగలవు. జౌగడలో 1956-57లో దేబలా మిత్రా తవ్వకాలు జరిపించారని చదివాను. తర్వాత భారత పురావస్తు శాఖకు డైరెక్టర్ జనరల్ అయిన మొదటి మహిళ ఆవిడే. రెండు వేల ఏళ్ల కిందటి ఊళ్లో సామాన్యుడి ఇల్లు ఎక్కడ, ఎలా ఉండేదో చూడాలనిపించింది.

పురుషోత్తంపురం దాటాక దారి సన్నబడింది. ఒకచోట కారు చిన్న మెరక ఎక్కి దిగింది.

"ఇప్పుడు దాటిందే కోటగోడ" అన్నారు మావయ్య.

కారు ఆపించి వెనక్కి నడిచాను. కోటగోడ అంటే గోల్కొండ, కొండపల్లి కళ్ల ముందు మెదిలే మనకు ఇది చెరువు కట్టలా కనిపిస్తుంది. మట్టి కట్ట, మీద తుప్పలు, మేకలు. మా శ్రీకాకుళం వైపు దంతవరపుకోటకు వెళ్లినవాళ్లకు ఈ రకం కోట కొత్త కాదు. కట్ట వెంట చూపు సారిస్తే మాత్రం ఆశ్చర్యం మొదలవుతుంది. ఒక్కో పక్క సుమారు ముప్పావు కిలోమీటరు. పక్కకు రెండేసి చొప్పున ఎనిమిది వాకిళ్లు. భువనేశ్వర్ పక్కనున్న శిశుపాల్‌గఢ్‌దీ ఇదే అచ్చు, కాకపోతే కొలతలో అది ఇంకా పెద్దది. ఋషికుల్య ఒడ్డున ఇంత పద్ధతిగా నాలుగు పలకల ఊరు కట్టినవాళ్లు ఇళ్లు మాత్రం ఇష్టం వచ్చినట్టు కట్టుకుని ఉంటారా? లోపల కూడా వీధులు, వరసలు ఏవో ఉండే ఉంటాయని కట్ట మీద నిలబడితే ఎవరికైనా తోస్తుంది. కళ్ల ముందు మాత్రం కోత అయిన మళ్లు, మధ్యమధ్య పెసర చేలు.

జౌ అంటే ఒడియాలో లక్క. కోటంతా లక్కతో కట్టారని, శత్రువులు ఎక్కబోతే జారిపడేవారని, చివరికి పాలమ్ముకునే ఆవిడ ఒకతె నిప్పు పెట్టమని గుట్టు చెప్పేసిందని మా డ్రైవరు చెప్పాడు. అతనిదీ బరంపురమే, చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ చెప్పిందట. మావయ్య వెంటనే భారతంలోని లక్క ఇంటిని లాక్కొచ్చారు. ఇక్కడి గుప్తేశ్వర ఆలయంలో పంచపాండవుల విగ్రహాలున్నాయి కనుక ఆ ముడి కూడా గట్టిగానే పడింది. కథ ఏదైనా కానీ, లక్కతో కట్టిన ఇల్లు ఆఖరికి కాలి తీరాల్సిందే.

బండ దగ్గరకు వచ్చాం. పైన కప్పు, ముందు ఇనుప చువ్వల అడ్డు. చువ్వల మధ్య ముఖం పెట్టి చూస్తే రాతి మీద మూడు పలకలుగా అక్షరాలు కనిపిస్తాయి. కొంతమేర రాయి పెచ్చులూడి మాటలు ఎగిరిపోయాయి. 1850లో వీటికి నకలు తీయించింది వాల్టర్ ఎలియట్. 1845లో అమరావతి స్తూపాన్ని తవ్వించి శిల్పాలను మద్రాసు తరలించినవాడే. అప్పటికి గంజాం కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే, ఒడిశా విడిగా ఏర్పడింది 1936లో కదా.

మావయ్యలోని మాస్టారు మేల్కొన్నారు. "చూడమ్మాయీ, మొదటి పలకలో ఒకటి నుంచి ఐదు శాసనాలు. రెండో దాంట్లో ఆరు నుంచి పది, ఆపైన పద్నాలుగు. మరి పదకొండు, పన్నెండు, పదమూడు ఏవి?"

నాకు తెలుసు, అయినా ఆయన నోట వినాలనిపించి ఊరుకున్నాను.

"కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చారని, లక్షన్నర మందిని తరలించుకుపోయారని రాయించింది ఆ పదమూడో దాంట్లోనే. దెబ్బ తిన్నవాళ్ల ఊళ్లో మాత్రం అది పెట్టలేదు. భువనేశ్వర్ దగ్గరి ధౌలి బండ మీదా పెట్టలేదు. దాని బదులు ఇదిగో, మూడో పలక."

ఆ మూడో పలక సమాప నగరంలోని మహామాత్రులకు, అంటే పెద్ద అధికారులకు రాయించినది. జౌగడే ఆ సమాప అని పండితుల మాట. మనుషులందరూ నా బిడ్డలే అంటాడు రాజు. కారణం లేకుండా జనాన్ని చెరలో వేయవద్దని, హింసించవద్దని, కోపం, తొందర, సోమరితనం దగ్గరకు రానీయవద్దని అధికారులను హెచ్చరిస్తాడు. దీన్ని తిష్య నక్షత్రం, అంటే మన పుష్యమి నాడు చదివి వినిపించాలట. మధ్యలో అవసరమైతే ఒక్కడున్నా సరే వినిపించమన్నాడు. బడి నడిపిన మనిషికి ఆ మాట నచ్చకుండా ఎలా ఉంటుంది? మావయ్య మళ్లీ చెప్పారు: "ఒక్కడున్నా సరే."

ఆ ఒక్కడు విని ఏ ఇంటికి వెళ్లాడన్నదే నా ప్రశ్న.

చేను గట్టు మీద నడిచాం. నాగలి చాళ్లలో కుండ పెంకులు చాలానే తేలి ఉన్నాయి. ఒకటి తీసి చూశాను. అరచేతి కంటే చిన్నది, అంచు ముక్క. లోపలంతా నలుపు, బయట అంచు దగ్గర కూడా నలుపు, కింద ఎరుపు. కుండను బోర్లించి కాలిస్తే గాలి ఆడని లోపలి భాగం నల్లబడుతుంది, గాలి తగిలిన బయటి భాగం ఎర్రగా కాలుతుందంటారు. పెంకు మీద కుమ్మరి సారె తిప్పినప్పటి సన్నని గీతలు గోటికి తగిలాయి. తీసిన చోటే పెట్టేశాను. రక్షిత ప్రదేశంలో ముక్క కూడా తీసుకుపోకూడదన్నది ఒక కారణం. అమ్మమ్మ సామాన్లు పంచుతున్న చేతులతో ఇంకొకరి కుండ తీసుకోబుద్ధి కాకపోవడం ఇంకొకటి.

మమ్మల్ని చూసి రైతు ఒకాయన దగ్గరకు వచ్చాడు. మావయ్య ఒడియాలో ఏదో అడిగారు, ఇద్దరూ నవ్వుకున్నారు. కోట లోపలి మట్టి మంచి సారవంతమైనదని ఆయన అన్నాడట. "మన వైపు పాటిమన్ను అంటాం చూడు, అదే" అన్నారు మావయ్య. మన రైతులు పాటిదిబ్బల, అంటే పాత ఊళ్లు పోయిన చోటి దిబ్బల మన్ను బండ్లకెత్తి పొలాలకు తోలుకునేవారు. వందల ఏళ్ల పొయ్యి బూడిద, పేడ, ఎముకలు, తవుడు, అన్నీ కలిసిన మన్ను అది. ఎవరి ఇంటి చెత్తో ఎవరి చేనుకు ఎరువు. చరిత్రకు అది నష్టమే, కాదనను. కానీ పాటి అన్న మాటను మనకు దాచిపెట్టింది ఆ రైతులే.

మిత్రా తవ్వకాల్లో నలుపు-ఎరుపు కుండలు, ఇనుప వస్తువులు, రంగురాళ్ల పూసలు, నాణేలు దొరికాయి. మ్యూజియాలకు వెళ్లేవి అవి. ఇల్లు మాత్రం తీసుకెళ్లే వస్తువు కాదు. దిమ్మిస కొట్టిన నేల తేలితే దాన్నే ఇల్లు అనుకోవాలి. తట్టి గోడ కూలి మట్టిలో కలిసిపోతుంది, కప్పు గడ్డి కుళ్లిపోతుంది, నేల ఒక్కటే పలుచని గట్టి పొరగా మిగులుతుంది. ఆ నేల మీద గుంజ పాతిన చోట కర్ర చీకిపోయి గుంతలోకి వేరే మన్ను చేరుతుంది. తవ్వేవాళ్లు తాపీతో పైపైన గీకి, నీళ్లు చిలకరిస్తారు. చుట్టూ ఉన్న నేల ఒక రంగు, గుంత వేరే రంగు. గుండ్రటి మచ్చలు వరసగా తేలితే వాటిని కలుపుతూ గీత గీయడమే. ఖుర్దా జిల్లా గొలబాయి శాసన్‌లో, చిలికా సరస్సుకు ఎగువన, పాత కాలపు గుండ్రటి గుడిసెలు బయటపడ్డది ఇలాంటి మచ్చల వల్లే. ఇల్లు ఉండిన చోట ఇల్లు లేకపోవడమే దాని ఆనవాలన్న మాట. తవ్వకం ముగిశాక గుంటలు పూడ్చేయడం మామూలు పద్ధతి, కనుక నేను చూద్దామని వచ్చిన ఇళ్లు నా చెప్పుల కింద ఎక్కడో ఉన్నాయి.

"అయితే ఇంత దూరం వచ్చి చూసింది ఏమిటి?" అన్నారు మావయ్య.

జవాబు తిరుగు దారిలో దొరికింది. ఊరి చివర సగం కూలిన మట్టి ఇల్లొకటి ఉంది. అరుగు అంచు విరిగి, నేల కోత కోసినట్టు పక్కనుంచి కనిపిస్తోంది. వంగి చూశాను. అలికిన పొరలు! ఎర్రమన్ను, పేడ, మళ్లీ ఎర్రమన్ను. ఒక్కోటి ఉల్లిపొర కంటే కొంచెం మందం, అంతే. మధ్యలో ఒకచోట సుద్ద తెలుపు గీత, పండక్కి ముగ్గు పెట్టి దాని మీదే మళ్లీ అలికేసి ఉంటారు. ఇరవై ఆరు వరకు లెక్కపెట్టాను. ఆ తర్వాత పొరలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. డ్రైవరు హారన్ కొట్టాడు. మావయ్య మాత్రం దిగి వచ్చి నా పక్కనే వంగి, జేబులోంచి కళ్లజోడు తీశారు.

"మా అమ్మ శుక్రవారం శుక్రవారం అలికేది" అన్నారు చాలాసేపటికి.

బరంపురం చేరేసరికి పొద్దు వాలింది. ఇంట్లో ముందు గదులకు ఎప్పుడో గచ్చు చేయించారు. పెరట్లో పశువుల సాలకు మాత్రం చివరి దాకా మట్టి నేలే. పశువులు పోయాక కట్టెలు, పాత సైకిలు అందులో ఉండేవి. పోయిన నెల పెంకులు, మద్ది గుంజలు కొనుక్కున్న మనిషి వచ్చి పీక్కుపోయాడట. మిగిలిన గుంతల్లో ఎవరైనా కాలు పెట్టి పడతారని మావయ్య నది ఇసుక పోయించారు. నేను వారం నుంచి ఆ పెరట్లోనే తిరుగుతున్నా పట్టించుకోలేదు.

అత్తయ్య ఊడ్చే ముందు దుమ్ము లేవకుండా చెంబుతో నీళ్లు చిలకరించింది. ఎర్ర నేల మీద నీళ్లు కాసేపు నిలిచాయి. ఇసుక పోసిన చోట మాత్రం గుటుక్కున ఇంకిపోయి, నల్లగా గుండ్రంగా తేలింది. ఒకటి, దాని పక్కన ఇంకొకటి. అటు మూడు, ఇటు మూడు.

"ఉండు, ఊడ్వకు" అన్నారు మావయ్య.