గడ్డకట్టిన నేలను కాల్చి తవ్విన చలికాలం

కెనడా వాయవ్య మూల యూకాన్‌లో బంగారం కోసం జనం ఎగబడిన క్లోండైక్ అంటే చాలామందికి వాగు ఒడ్డున పళ్లెం పట్టుకుని బంగారం కడిగే మనిషే కనబడతాడు. కానీ 1897-98 చలికాలంలో అక్కడి డాసన్ పట్టణం దగ్గర బొనాంజా, ఎల్డొరాడో వాగుల మీద పనిచేసిన స్వీడన్, నార్వే, ఐర్లండ్ వలసకూలీల చేతుల్లో ఎక్కువసేపు ఉన్నవి గొడ్డలి, పార.

బంగారం దొరికే గులకరాళ్ల పొర పైన ఉండదు. నాచు, మన్ను కింద రాతినేలను ఆనుకుని ఉంటుంది. అక్కడిదాకా నేలంతా ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది. వేసవిలో తవ్వితే గోతిలోకి నీరు ఊరుతుంది, అంచులు జారి కూలతాయి. చలికాలంలో గోడలు రాయిలా నిలబడతాయి, దుంగల ఆసరా పెద్దగా అక్కర్లేదు. అందుకే పని గడ్డ చలిలోనే.

సాయంత్రం గోతి అడుగున కట్టెలు పేర్చి నిప్పు పెడతారు. తెల్లారేసరికి ఒక అడుగు కరిగితే బాగా కరిగినట్టే. బూడిద తీసి, మెత్తబడిన మన్ను తవ్వి బకెట్లో వేస్తే, పైనున్న రెండోవాడు చేతిగిలక తిప్పి లాగుతాడు. మళ్లీ నిప్పు. ఇరవై అడుగుల గోతికి నెల దాకా పట్టొచ్చు. రాతినేల తగిలాక అడ్డంగా సొరంగం తవ్వాలి. అప్పుడు మంట గోడకు ఆనించి పెడతారు. పొగ పూర్తిగా పోకముందే దిగినవాడికి ముందు కళ్లు మండుతాయి, తర్వాత తల తిరుగుతుంది. విషవాయువుకు వాసన ఉండదు, అదే అసలు ప్రమాదం.

కట్టెలు కొట్టడమే సగం పని. దగ్గరి కొండల మీద చెట్లు అయిపోయేకొద్దీ దూరం నుంచి లాక్కురావాలి.

తవ్వుతున్నది సరైన చోటేనా అని గుడిసెలో మంచు కరిగించిన నీళ్లతో ఒక పళ్లెం మన్ను కడిగి చూసేవారు. మన దగ్గర కంసాలి దుకాణం దుమ్ము కడిగి రజను ఏరినట్టే. బంగారం పాత వాగు గర్భంలో ఉంటుంది. ఆ గర్భం ఇప్పటి వాగు కిందే ఉండాలని లేదు. నెల రోజుల మంట వట్టి గోతికి పోతే పక్కన ఇంకొకటి మొదలుపెట్టాల్సిందే.

తవ్విన గులకమన్నంతా వసంతం దాకా కుప్పగా పడి ఉంటుంది. మంచు కరిగి వాగు పారాక, సుమారు 12 అడుగుల చెక్క తొట్లు ఒకదాని మూతి ఇంకొకదానిలో దూర్చి, వాలుగా వరసపెట్టి కడుగుతారు. వాలు ఎక్కువైతే సన్న బంగారం నీటితోపాటే కొట్టుకుపోతుంది, తక్కువైతే రాళ్లు పేరుకుంటాయి. అడుగున అడ్డంగా కొట్టిన కర్రబద్దల వెనక బరువైనదంతా నిలుస్తుంది.

కూలికి వెళ్తే గంటకు డాలరు నుంచి డాలరున్నర, రోజుకు పది గంటలు. బయట అమెరికాలో అది కలలో మాట. డాసన్ ధరల్లో తిండికే చాలా పోయేది. రెండో దారి సగపాలు: గనిముక్క (తవ్వుకోవడానికి ఒకరి పేర నమోదైన నేల) యజమానిది, కష్టం మనది, వచ్చిన బంగారంలో తరచుగా సగం. మన ఊళ్లో పాలుకు చేసే రైతుకు ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. తిండీ, కట్టెలూ పాలుదారువే. వసంతంలో కుప్ప కడిగేదాకా అతని చేతికి పైసా రాదు, అప్పు మాత్రం పెరుగుతుంది. నా లెక్కలో, కొత్తగా వచ్చినవాడు వట్టి గోతి భారం మోయడం కన్నా కూలికి వెళ్లడమే మేలు.

విదేశీయుడైనా పద్దెనిమిదేళ్లు నిండితే 10 డాలర్లకు కెనడా గని లైసెన్సు దొరికేది. అలాస్కాలోని నోమ్‌లో అలా కాదు. 1898లో అక్కడ బంగారం కనిపెట్టిన ఇద్దరు స్వీడన్‌వాళ్లు, ఒక నార్వేవాడు ‘విదేశీయులు’ అన్న సాకుతో వాళ్ల గనిముక్కల మీదికి ఇతరులు ఎగబడ్డారు.

చివరికి తూకం దగ్గర కూడా నష్టమే. డాసన్ అంగళ్లలో బంగారు రజనే డబ్బు, ఔన్సుకు సుమారు 16 డాలర్ల లెక్క. శుద్ధ బంగారం ధర అప్పట్లో 20.67. రజనులో వెండి, నల్ల ఇసుక కలిసి ఉంటాయి కాబట్టి ఆ తేడాలో కొంత న్యాయమే. కానీ ప్రతి కొనుగోలుకూ సంచీ విప్పి త్రాసులో పోయాలి, పోసిన ప్రతిసారీ కాస్త నేల మీద రాలుతుంది. రాలినది అంగడివాడిదే.