తాళం వేసిన ఇంటికి రాసిన ఉత్తరం

తిరుపతి కొర్లగుంటలో అమ్మావాళ్ల ఇంటికి రెండు సందుల అవతల ఒక చిన్న ఇల్లు ఏడేళ్లుగా తాళం వేసి ఉండేది. అద్దెకుంటున్న మాకు అలాంటిదే కావాలి. ఆన్‌లైన్‌లో అసెస్‌మెంట్ నంబరు కొట్టి చూస్తే ఇంటి పన్ను బకాయి వడ్డీతో కలిపి 41 వేలు దాటింది. గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ కదా, పాత బకాయిల మీద వడ్డీ అసలునే మించిపోయింది.

యజమాని చనిపోయారని, ఆయన భార్య చెన్నైలో కూతురి దగ్గర ఉంటున్నారని పక్కింటివాళ్లు చెప్పి అడ్రస్ ఇచ్చారు. తెలిసిన బ్రోకర్ చెప్పినట్టే రాశాను: 'మీ బకాయి ఇంత ఉంది, కార్పొరేషన్ వాళ్లు జప్తుకు రాకముందే అమ్మేయండి.' అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు సంతకంతో తిరిగొచ్చింది. మూడు వారాలు ఉలుకూ పలుకూ లేదు.

తర్వాత ఆమే ఫోన్ చేశారు. "నాయనా, మా ఆయన పోయినాక ఆ గడప తొక్కడానికి నాకు మనసు రాలేదు. పన్ను ఎగ్గొట్టాలని కాదు."

నాకు నోట మాట రాలేదు. క్షమించమ్మా అని మాత్రం అన్నాను. ఆ రాత్రే ఇంకో ఉత్తరం రాశాను. నేను ఎవరి కొడుకుని, మా అమ్మావాళ్ల ఇల్లు ఏ సందులో, మేం ఎంతవరకు పెట్టగలం, అన్నీ రాశాను. అమ్మడం ఇష్టం లేకపోతే పన్ను ఆన్‌లైన్‌లో కట్టడానికి సాయం చేస్తాను, దానికి మీరు ఇల్లు ఇవ్వక్కర్లేదు అని కూడా. నిజంగానే ఆ మాట మీద నిలబడేవాడిని. పది రోజులకు, వచ్చి మాట్లాడమని కబురు పంపారు.

ఈసీలో, అంటే ఆస్తి ఎవరి పేర ఎలా చేతులు మారిందో చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రంలో, ఇంకా ఆయన పేరే ఉంది. తహసీల్దార్ ఆఫీసులో, చనిపోయినవారి కుటుంబంలో ఎవరెవరున్నారో చూపే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ చేతికి రావడానికి రెండు నెలలు పట్టింది. ఆమె, కూతురు, బెంగళూరులో ఉన్న కొడుకు, ముగ్గురూ సంతకాలు పెట్టాలి. కొడుకుకు సెలవు దొరక్క రిజిస్ట్రేషన్ రెండుసార్లు వాయిదా పడింది, అప్పుడు పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. బకాయి ఇంటితో పాటే కొన్నవాళ్ల మీదికి వస్తుంది కాబట్టి, అడ్వాన్స్‌లోంచే ముందు దాన్ని కట్టాలని అగ్రిమెంట్‌లో రాయించాం. రసీదు చూశాకే మిగతా డబ్బు ఇచ్చాను.

పేరు మార్పు అయ్యాక అక్టోబరులో రెండో అర్ధ సంవత్సరం పన్ను కట్టాను. ఆ రసీదు ఫొటో ఆమెకు వాట్సాప్‌లో పంపాను. "దీపం పెడతా ఉండారా?" అని అడిగారు. రోజూ పెడుతున్నామమ్మా అని చెప్పాను.