ఫైర్‌వాల్ ఆపకుండానే వైఫై ప్రింటరును దారికి తేవడం

కావలి నుంచి ఒంగోలు దాకా నేను కంప్యూటర్లు చూసే జిరాక్సు షాపుల్లోనూ, చీమకుర్తి గ్రానైటు ఆఫీసుల్లోనూ వైఫై ప్రింటరు మొరాయిస్తే చాలామంది మొదట చేసే పని ఫైర్‌వాల్‌ను, అంటే నెట్‌వర్క్ నుంచి కంప్యూటరులోకి వచ్చేవాటిని వడగట్టే కాపలా ప్రోగ్రామును, పూర్తిగా ఆపేయడం. ఒక్కోసారి ప్రింటు వచ్చేస్తుంది, ఆ సంబరంలో దాన్ని తిరిగి ఆన్ చేయాలన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. ఊళ్లో వాళ్ల ఆధార్ కాపీలు, పాసుపుస్తకాల స్కాన్లు, పిల్లల మార్కుల మెమోలు నిండి ఉన్న కంప్యూటరును అలా నెలల తరబడి వదిలేయడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. 2017 మే నెలలో వన్నాక్రై అనే వైరస్, విండోస్ ఫైళ్ల షేరింగుకు వాడే 445 పోర్టు (పోర్టు అంటే ఒక్కో పనికి కేటాయించిన, నంబరు వేసిన తలుపు లాంటిది) ద్వారానే, ఎవరూ ఏమీ నొక్కకుండా ఒక కంప్యూటరు నుంచి పక్క కంప్యూటరుకు పాకింది. దానికి అడ్డు నిలిచే గోడను ఒక్క ప్రింటు కోసం పడగొట్టుకోవలసిన అవసరం లేదు.

అసలు తప్పు ఫైర్‌వాల్‌దేనా అన్నది ముందు తేల్చుకోవాలి. ప్రింటరు మెనూలో నెట్‌వర్క్ వివరాల కాగితం తీసే ఏర్పాటు ఉంటుంది, అందులో 192.168.1.50 లాంటి ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్కులో ఆ ప్రింటరును గుర్తించే అంకెలు, కనబడుతుంది. అదే వైఫైలో ఉన్న ఫోను బ్రౌజరులో ఆ అంకెలు కొడితే చాలా ప్రింటర్లలో దాని సొంత పేజీ తెరుచుకుంటుంది. ఫోనులో తెరుచుకుని కంప్యూటరులో తెరుచుకోకపోతే అడ్డు కంప్యూటరులోనే ఉందని అనుకోవచ్చు. రెండింటిలోనూ తెరుచుకోకపోతే ఫైర్‌వాల్ జోలికి వెళ్లనే వద్దు, రూటరును చూడండి: ప్రింటరు గెస్ట్ వైఫైకి (అతిథుల కోసం విడిగా ఉంచే వైఫైకి) తగులుకుని ఉండవచ్చు, లేదా రూటరులో ఏపీ ఐసొలేషన్ ఆన్ అయి పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోకుండా పోయి ఉండవచ్చు.

నాకు ఎక్కువగా ఎదురయ్యేది రూటరు మార్చిన తర్వాత వచ్చే చిక్కు. కావలిలో ఒక షాపతను, "అన్నా, నిన్నటిదాకా బాగానే వచ్చిందే, ఇప్పుడు వెతికితే అసలు ప్రింటరే లేదంటోంది" అని ఫోను చేశాడు. రూటరు మారితే విండోస్‌కు అది కొత్త నెట్‌వర్కే. కొత్త నెట్‌వర్కును అది మామూలుగా పబ్లిక్, అంటే నమ్మకం లేని బయటి నెట్‌వర్కు, కింద జమకడుతుంది. పబ్లిక్‌లో నెట్‌వర్క్ డిస్కవరీ (చుట్టుపక్కల పరికరాలను వెతికే ఏర్పాటు) ఆగి ఉంటుంది, ప్రింటరును కనిపెట్టడానికి వాడే యూడీపీ 3702 లాంటి పోర్టులు మూతబడి ఉంటాయి. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లోకి వెళ్లి, ఆ వైఫై ప్రాపర్టీస్‌లో ప్రైవేట్ ఎంచుకోగానే అతని ప్రింటరు జాబితాలోకి వచ్చింది. ఈ ఎంపిక ఆ ఒక్క నెట్‌వర్కుకే వర్తిస్తుంది కనుక, ల్యాప్‌టాప్‌ను లాడ్జికో రైల్వే స్టేషనుకో తీసుకుపోయినప్పుడు అక్కడి వైఫైని పబ్లిక్‌గానే ఉంచాలి.

మరొక పొరపాటు అభిప్రాయాన్ని గురించి గట్టిగా చెప్పాలి. కంప్యూటరులో లోపలికి వచ్చే 9100 పోర్టును తెరవమని కొందరు సలహా ఇస్తుంటారు. ప్రింటు పని కంప్యూటరు నుంచి బయటికి, ప్రింటరులోని 9100 పోర్టుకో 631 పోర్టుకో వెళ్తుంది. బయటికి వెళ్లేవాటిని విండోస్ ఫైర్‌వాల్ మామూలుగా అడ్డుకోదు. కాబట్టి ఆ రూలు వల్ల ఒరిగేదేమీ లేదు. స్కానింగ్ సంగతి వేరు: ప్రింటరు మీద బటన్ నొక్కి కంప్యూటరుకు స్కాన్ పంపినప్పుడు కదలిక లోపలి వైపు ఉంటుంది. ప్రింటు వస్తూ స్కాన్ మాత్రం రాకపోతే, ఫైర్‌వాల్ గుండా అనుమతించే యాప్‌ల జాబితాలో ఆ స్కాన్ సాఫ్ట్‌వేరుకు ప్రైవేట్ గడిలో టిక్ పెట్టాలి.

ఫైర్‌వాల్‌తో కూడిన వేరే యాంటీవైరస్ ఉంటే విండోస్‌లో ఏం మార్చినా ఫలితం ఉండకపోవచ్చు, ఎందుకంటే కాపలా పని దాని చేతిలోకి వెళ్లిపోయి ఉంటుంది. దాని సెట్టింగ్స్‌లోనే షాపు నెట్‌వర్కును నమ్మదగినదిగా గుర్తించాలి. పవర్‌షెల్ (విండోస్‌లో కమాండులు టైపు చేసే కిటికీ) తెలిసినవారు టెస్ట్-నెట్‌కనెక్షన్ కమాండుకు ప్రింటరు అడ్రసు, 9100 పోర్టు ఇచ్చి చూస్తే దారి ఉందో లేదో వెంటనే తెలుస్తుంది. దారి ఉండీ ప్రింటరు ఆఫ్‌లైన్ అని చూపిస్తుంటే, ప్రింటరు పోర్టు సెట్టింగ్స్‌లో ఎస్ఎన్ఎంపీ స్టేటస్ (ప్రింటరు స్థితిని అడిగి తెలుసుకునే పద్ధతి) టిక్ తీసి చూడండి. యూడీపీ 161లో జవాబు రాకపోయినా విండోస్ ప్రింటరును ఆఫ్‌లైన్ అనేస్తుంది.

కరెంటు పోయి వచ్చాక మొదలయ్యే ఇబ్బందికి చాలాసార్లు కారణం ఫైర్‌వాల్ కాదు, రూటరు ప్రింటరుకు కొత్త అడ్రసు ఇవ్వడం. రూటరులో అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ పేజీలో ప్రింటరుకు ఒక అడ్రసును శాశ్వతంగా కేటాయించి, ఆ అంకెలను కాగితం మీద రాసి ప్రింటరుకే అంటించండి. ఇంటి నుంచి షాపు ప్రింటరుకు పంపుకోవచ్చని చెప్పి ఎవరైనా రూటరులో 9100ను ఇంటర్నెట్ వైపు తెరవబోతే మాత్రం ఒప్పుకోకండి. ఆ పోర్టు పాస్‌వర్డ్ అడగదు, ఎక్కడివారు పంపినా ప్రింటరు కాగితం తీసేస్తుంది.