ఎగ్జామ్స్ వారం, సెప్టెంబర్ నెల: ఆడిటర్ ఆఫీసు నుంచి నా అనుభవం

మా పిన్ని కూతురు బీకామ్ ఫైనలియర్ చదువుతోంది. సెమ్ ఎగ్జామ్స్ దగ్గర పడ్డాయి, సరిగ్గా నిద్ర లేదు, ఫోన్ చేసి "ఇవి గట్టెక్కితే చాలక్కా, జాబ్‌లో పడ్డాక ఈ టెన్షన్ ఉండదు కదా" అంది. అవుననీ అనలేకపోయా, కాదనీ అనలేకపోయా. నేను రెండూ చూశాను. నాగార్జున యూనివర్సిటీ కింద గుంటూరులోనే బీకామ్ చేశా, 2019లో అయిపోయింది, అప్పట్నుంచీ బ్రాడీపేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పని, రిటర్నులు, జీఎస్టీ, ఆడిట్లు. 2025 సెప్టెంబర్ మా ఆఫీసులో ఎలా గడిచిందో పూసగుచ్చినట్టు చెప్తే దానికే అర్థమవుతుందని కూర్చుని రాస్తున్నా, కాస్త పెద్దదే అవుతుంది.

ముందు ఎగ్జామ్స్ సంగతి. అవి చిన్న విషయం అని నేను అనను. ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు పిల్లల్ని పట్టుకుని "ఇదేం కష్టం, ముందుంది ముసళ్ల పండగ" అంటుంటారు, ఆ మాట నాకు అస్సలు నచ్చదు. కాస్ట్ అకౌంటింగ్ ఎగ్జామ్ రోజు పొద్దున నాకు ఇడ్లీ ముక్క గొంతు దిగలేదు, హాల్‌టికెట్ బ్యాగులో ఉందో లేదో ఆటోలో ఎన్నిసార్లు చూసుకున్నానో. ఆ వయసులో మనకి తెలిసిన ప్రపంచం అంతే, అందులో ఒక సబ్జెక్ట్ పోవడమంటే ఇంట్లో ముఖం ఎలా చూపించాలి అన్నంత భయం, ఆ భయం నిజమైనదే.

కానీ ఆ వారం చుట్టూ ఎంత ఏర్పాటు ఉండేదో అప్పట్లో నాకు కనపడలేదు. ప్రెపరేషన్ హాలిడేస్ కాలేజీనే ఇచ్చేది. నాన్న తెల్లవారుజామున లేపి టీ పెట్టి ఇచ్చి, నేను మళ్లీ పడుకోకుండా అదే గదిలో పేపర్ చదువుతూ కూర్చునేవారు. టీవీ సౌండ్ తగ్గిపోయేది. చుట్టాలింట్లో పెళ్లి ఉన్నా "దానికి ఎగ్జామ్స్ అండీ" అని అమ్మ ఒక్క మాట అంటే ఇంకెవరూ మారు మాట్లాడేవాళ్లు కాదు. ఆ మాటకి అంత విలువ. గిన్నె కడగమని కూడా ఎవరూ అనలేదు. మొత్తం ఇల్లు పక్కకి తప్పుకుని నాకు దారి ఇచ్చింది, నేను చేయాల్సింది చదవడం ఒక్కటే.

పేపర్ కూడా మనకి చాన్స్ ఇచ్చేలాగే ఉండేది. 75 మార్కులకి రాసేవాళ్లం, సెక్షన్ ఏలో ఎనిమిది ఇచ్చి అయిదు రాయమనేవాళ్లు, సెక్షన్ బీలో పది మార్కుల ప్రశ్నలన్నిటికీ ఇది లేదా అది. రాని టాపిక్ ఉంటే దాని పక్కనున్నది రాసుకుని బయటపడొచ్చు. బ్యాలెన్స్ షీట్ టాలీ అవ్వకపోతే మా అకౌంట్స్ మేడం "దాన్ని పట్టుకుని వేలాడకండమ్మా, స్టెప్ మార్కులు పడతాయి, తర్వాతది ఎత్తుకోండి" అనేవారు. ఆ సలహా ఎగ్జామ్ హాల్లో బంగారం. ఆఫీసులో మాత్రం పనికిరాదు, పది రూపాయలు తేడా వచ్చినా అది ఎక్కడుందో దొరికేదాకా లేవలేం.

ఇక సెప్టెంబర్. మామూలుగా మాకు గండం జులై 31, ఆడిట్ అక్కర్లేని వాళ్ల ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులకి అప్పటి రూల్‌లో అదే ఆఖరి తేదీ. 2025లో ఫారాలు మార్చి ఆలస్యంగా ఇచ్చారు కాబట్టి మే 27నే ఆ తేదీని సెప్టెంబర్ 15కి జరిపారు. టైం పెరిగిందని మేం సంబరపడ్డాం, క్లయింట్లు మాకంటే ఎక్కువ సంబరపడ్డారు, జులైలో ఫోన్ చేస్తే "ఇంకా చాలా టైం ఉందిగా అమ్మా" అనేవాళ్లు. దాంతో జులై పనంతా వెళ్లి సెప్టెంబర్ మీద పడింది. సెప్టెంబర్‌లో అప్పటికే ఏమున్నాయంటే, 7కి టీడీఎస్ కట్టాలి, అంటే జీతాలు, బిల్లులు ఇచ్చేటప్పుడే పట్టుకున్న పన్ను, 11కి అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1, 15కి అడ్వాన్స్ టాక్స్ రెండో వాయిదా, అప్పటికి ఏడాది పన్నులో 45 శాతం కట్టి ఉండాలి, 20కి నెల లెక్క చూపి జీఎస్టీ కట్టే జీఎస్టీఆర్-3బి, 30కి టాక్స్ ఆడిట్ రిపోర్టులు. ఇందులో ఇది లేదా అది అనేదేం లేదు, అన్నీ రాయాల్సిందే.

అదే నెల మొదట్లో నాన్నకి కంటిలో శుక్లాల ఆపరేషన్ అయ్యింది. ఆపరేషన్ పెద్దది కాదు, అదే రోజు ఇంటికి పంపేశారు, అసలు పని తర్వాత ఉంటుంది. చుక్కల మందు మొదటి వారం రోజుకి ఆరుసార్లు, తర్వాత వారం అయిదు, అలా తగ్గించుకుంటూ పోవాలి, రెండు రకాల చుక్కలుంటే మధ్యలో కాసేపు గ్యాప్ ఇవ్వాలి. అమ్మకి చెయ్యి వణుకుతుంది, చుక్క కంట్లో పడకుండా బుగ్గ మీద పడుతుందని ఆవిడకి భయం. తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటాడు. పగలు పక్కింటి అమ్మాయి వచ్చి వేసేది, పొద్దున్న, రాత్రి వంతు నాది. చెయ్యి సబ్బుతో కడుక్కుని, కింది రెప్ప మెల్లగా లాగి, సీసా మూతి రెప్పకి తగలకుండా ఒక్క చుక్క వేసి, కళ్లు మూసుకోమని కాసేపు ఆగి, గ్యాప్ తర్వాత రెండోది. వేసేటప్పుడు ఫోన్ మోగుతూనే ఉండేది, నేను ఎత్తేదాన్ని కాదు. నాన్న మాత్రం "ఎవరో పాపం, చూడమ్మా" అనేవారు.

ఎగ్జామ్స్ అప్పుడు నా కోసం తెల్లవారుజామున లేచిన మనిషి, ఇప్పుడు నేను ఆయన కోసం లేవాలి, అందులో నాకు కష్టం అనిపించలేదు. కానీ పాపకి నాలుగేళ్లు, దానికి జ్వరం వస్తే డ్యూ డేట్ చూసి రాదు కదా, అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, గ్యాస్ బుక్ చేయాలి, స్కూల్ వాళ్లు ఏదో చార్ట్ చేయించమంటారు. పెద్దయ్యాక పనికి ఏదీ పక్కకి తప్పుకోదు, అన్నిటి మధ్యలోంచే పని చేసుకోవాలి. నాకు తెలిసి అసలు తేడా ఇక్కడే ఉంది, పని ఎంత కష్టం అన్న దాంట్లో కాదు.

15వ తేదీ సోమవారం. పొద్దున్నుంచీ పోర్టల్ నత్తనడక, లాగిన్ అయితే ఏఐఎస్ తెరుచుకోదు, అది తెరుచుకుంటే చలాన్ దగ్గర తిరుగుతూ ఉంటుంది. ఏఐఎస్ అంటే మన పాన్ మీద బ్యాంకులు, కంపెనీలు రిపోర్ట్ చేసిన వివరాలన్నీ ఉండే స్టేట్‌మెంట్, అది చూడకుండా రిటర్న్ వేస్తే తర్వాత నోటీస్ రావొచ్చు. రాత్రి ఒక రిటైర్డ్ మాస్టారి రిటర్న్ మిగిలింది. పెన్షను, ఎఫ్‌డీ వడ్డీ, అంతే, చిన్న రిటర్న్. ఆయన పాస్‌వర్డ్ మర్చిపోయారు. మార్చాలంటే ఆధార్‌కి లింకయిన నంబర్‌కి ఓటీపీ వెళ్తుంది, పావుగంట దాటితే అది చెల్లదు. ఆ సిమ్ ఆయన దగ్గర లేదు, విజయవాడ హాస్టల్లో ఉన్న మనవడి ఫోన్లో ఉంది. ఇంత రాత్రప్పుడు పిల్లాడు ఎత్తుతాడో లేదో అనుకుంటూనే కలిపా, మొదటి రింగ్‌కే ఎత్తాడు. "మెలకువగానే ఉన్నానక్కా, రేపు ఇంటర్నల్స్, చదువుకుంటున్నా" అన్నాడు. ఆరు అంకెలూ మెల్లగా రెండుసార్లు చదివాడు, మళ్లీ కావాలంటే చేయమన్నాడు. అటు వాడికి ఎగ్జామ్, ఇటు నాకు డ్యూ డేట్, ఇద్దరం ఒకే ఓటీపీ దగ్గర కూర్చున్నాం.

మాస్టారికి కొత్త పన్ను విధానంలో రిబేట్, అంటే పన్నులో ఇచ్చే తగ్గింపు, పోను పన్ను సున్నా. అయినా ఆదాయం అయిదు లక్షలు దాటింది కాబట్టి తేదీ తప్పితే లేట్ ఫీ 5,000 పడేది. ఎగ్జామ్‌లో నేను సరిగ్గా రాయకపోతే నా మార్కులే పోతాయి, సప్లీ రాసుకుంటా. ఇక్కడ పోయేది మాస్టారి పెన్షన్‌లోంచి. ఆడిట్ రిపోర్ట్ లేటయితే ఇంకా పెద్దది, టర్నోవర్‌లో అర శాతం లేదా లక్షన్నర, ఏది తక్కువైతే అంత పెనాల్టీ అప్పట్లో వేయొచ్చు. ఆ బరువు ఎగ్జామ్ హాల్లో ఎప్పుడూ తెలియలేదు నాకు.

ఆ రాత్రి అర్ధరాత్రి దగ్గర పడుతుండగా తేదీ ఒక్క రోజు పెంచారని వచ్చింది, 16 దాకా. పోర్టల్ మాత్రం 12 నుంచి రెండున్నర వరకూ మెయింటెనెన్స్‌లో ఉంటుందన్నారు. సార్ అందర్నీ ఇంటికెళ్లి పడుకోమన్నారు. నేను నాన్నకి చుక్కలు వేసేసరికి ఆయన సగం నిద్రలో ఉన్నారు.

సరే అది అయ్యింది అనుకునేలోపు జీఎస్టీ. సెప్టెంబర్ 3న కౌన్సిల్ మీటింగ్‌లో రేట్లు మార్చారు, 12, 28 శాతం శ్లాబులు తీసేసి ఎక్కువ వస్తువుల్ని 5కో 18కో తెచ్చారు, 22 నుంచి అమలు. జనానికి మంచిదే, సబ్బు, షాంపూ, టూత్‌పేస్ట్ 18 నుంచి 5కి వచ్చాయి, సొంతంగా తీసుకునే హెల్త్ ఇన్సూరెన్స్ మీద పన్నే పోయింది. మాకు మాత్రం సరిగ్గా ఎగ్జామ్ మధ్యలో సిలబస్ మారిపోయినట్టయింది. 20న 3బిలు పాత రేట్లతో ఉన్న ఆగస్టు లెక్కలకి వేస్తూనే, 22 నుంచి కొత్త రేట్లకి ప్రతి షాపు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో ఐటమ్ మార్చాలి.

పట్నంబజారులో మాకో స్టేషనరీ షాపు క్లయింట్ ఉన్నారు. ఆ షాపులో ఈ మార్పు అంతా ఒకేచోట కనపడింది నాకు. నోటుబుక్కులు, పెన్సిళ్లు 12 నుంచి నిల్, అంటే సున్నా, జామెట్రీ బాక్సులు 12 నుంచి 5, పెన్నులు 18లోనే. రేటు 5కి తగ్గినవాటికి పాత స్టాక్ కొన్నప్పుడు కట్టిన పన్నుని కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవచ్చు, దాన్నే క్రెడిట్ అంటారు. నిల్ అయినవాటికి అలా కాదు, 21 రాత్రికి మిగిలిన స్టాక్ మీద తీసుకున్న క్రెడిట్ వెనక్కి ఇచ్చేయాలి. అంటే ఆ రాత్రికి ఎన్ని నోటుబుక్కులున్నాయో లెక్క తేలాలి. ఆదివారం సాయంత్రం షాపు షట్టర్ దించేసి లెక్కపెట్టాం, కట్టలు విప్పకుండా కట్టకి ఎన్నో చూసి, లాంగ్ నోట్స్ వేరు, రికార్డులు వేరు, ఏ బిల్లులో వచ్చాయో పక్కన రాసుకుంటూ. షాపు ఓనర్ "ఇదంతా ఎందుకమ్మా, ఉజ్జాయింపుగా వేసేయ్" అన్నారు మొదట్లో. "ఉజ్జాయింపు వేస్తే రెండేళ్ల తర్వాత నోటీస్ వస్తే మీరే కట్టాలి బాబాయ్ గారూ" అన్నాక ఆయనే స్టూలెక్కి పై అరలోవి దించారు.

ఎలా గట్టెక్కామో కూడా చెప్పాలి. సార్ ఒక వైట్ బోర్డ్ పెట్టించారు, నేను దాని మీద క్లయింట్ల పేర్లు అక్షరమాల ప్రకారం కాకుండా, ఎవరి పని ఎక్కడ ఆగిందో దాని ప్రకారం రాయడం మొదలుపెట్టా. ఓటీపీ కోసం ఆగినవాళ్లు ఒక వరస, బ్యాంక్ స్టేట్‌మెంట్ రానివాళ్లు ఒక వరస, డిజిటల్ సిగ్నేచర్ గడువు అయిపోయినవాళ్లు ఇంకో వరస. ఒకే వరసలో ఉన్నవాళ్లందరికీ ఒకే పూట ఫోన్లు. ఇంతకుముందు ఒక్కో ఫైలు తెరవడం, ఆగిపోవడం, మూయడం, దాంట్లోనే సగం రోజు పోయేది. మొదటి రెండు గంటలూ మాత్రం ఫోన్లు ఎత్తకుండా లెక్కలే. ఇది ఎగ్జామ్స్ నేర్పిందే, చెప్పుకోవాలి. మూడు గంటలు లేవకుండా కూర్చుని ఒక్క పని మీద బుర్ర పెట్టడం బీకామ్‌లో అలవాటు కాకపోతే నాకు ఇప్పుడొచ్చేది కాదు. ఇంకో మంచి విషయం, ఆఫీసులో పుస్తకం తెరిచి చూడొచ్చు, పక్క సీటు ఆవిడని అడగొచ్చు, సార్‌ని అడగొచ్చు, అడిగితే కాపీ అనరు. కాలేజీలో ఒంటరిగా పడ్డ భయం ఇక్కడ నాకు ఎప్పుడూ లేదు.

25న టాక్స్ ఆడిట్ తేదీ అక్టోబర్ 31కి పెంచారు. తర్వాత అక్టోబర్ ఆఖర్లో మళ్లీ నవంబర్ 10కి పెంచారు. తేదీ పెరగడం మంచిదే కానీ, లాస్ట్ ఎగ్జామ్ రాసి బయటికొచ్చి పెన్ను బ్యాగులో పడేసి అందరం కలిసి సినిమాకి పోయే ఆ మధ్యాహ్నం ఉంటుంది చూడండి, అది ఉద్యోగంలో రాదు. దసరా అక్టోబర్ 2న, 7కి మళ్లీ టీడీఎస్. దీనికి నేను నిజంగా బాధపడ్డా. నెల మొత్తం లాగి లాగి చివరికి ఎక్కడా "అయిపోయింది" అని అనుకునే చోటు లేకపోతే మనిషి అలిసిపోతాడు, జీతం ఎంతిచ్చినా సరే.

అందుకే దసరా సెలవుల్లో ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి అడిగా. ఎగ్జామ్స్ అప్పుడు అమ్మావాళ్లు ఇచ్చిన దారి నెలలో కొన్ని రోజులైనా నాకు కావాలని చెప్పా. అత్తయ్య ఏమంటారో అని భయపడ్డా కానీ, ఆవిడే "ముందే చెప్పొచ్చుగా, మాకేం తెలుస్తుంది మీ తేదీలు" అన్నారు. వంటింట్లో క్యాలెండర్ మీద 7, 11, 20 చుట్టూ ఎర్ర పెన్నుతో గీశాం. 18 నుంచి 20 దాకా పాపని స్కూల్ నుంచి తేవడం, రాత్రి వంట మా ఆయనవి. బంధువులు ఎవరైనా ఆ రోజుల్లో వస్తామంటే 21కి రమ్మని అత్తయ్యే చెప్తున్నారు. పిన్ని కూతురికి కూడా ఇదే పంపిస్తున్నా, ఎగ్జామ్స్ అయ్యాక చదువుకోమని.