కలబంద గుజ్జు, మేక పేగు

ఈ వారమంతా ల్యాబ్‌లో కలబందతోనే సరిపోయింది. అక్కయ్యపాలెం మటన్ కొట్టు నుంచి పొద్దున్నే తెచ్చిన మేక పేగు ముక్క, చుట్టూ ఉప్పు ద్రావణం, అందులో బుడబుడమంటూ ఆక్సిజన్. పేగు లోపల మందు, కాస్త కలబంద గుజ్జు. మందు గోడ దాటి ఎంత బయటికొచ్చిందో శాంపిళ్లు తీసి చూడటమే పని. వాసన సంగతి మాత్రం అడక్కండి!

పేగు గోడలోని కణాలు ఒకదాన్నొకటి అతుక్కుని ఉంటాయి. ఇన్సులిన్ లాంటి పెద్ద అణువు ఆ సందుల్లో దాదాపు దూరలేదు. పైగా జీర్ణరసాలు దాన్ని ముందే ముక్కలు చేసేస్తాయి. అందుకే సూదులు. కలబంద గుజ్జు ఆ అతుకుల్ని వదులు చేసి ఇన్సులిన్‌ని ఎక్కువగా దాటనిస్తుందని 2009లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. అయితే అది ల్యాబ్‌లో పెంచిన కణాల మీద.

నాకు నచ్చిందీ, భయపెట్టేదీ ఒకటే: తలుపు తీస్తే మనం పిలిచిన మందొక్కటే లోపలికి రాదు. ఆకు కోస్తే కారే పసుపు పసరైతే విరేచనాలు పట్టిస్తుంది, దాన్ని కడిగేయాల్సిందే.

ఆర్కే బీచ్‌లో వాకింగ్ అయ్యాక కలబంద జ్యూస్ తాగే మా బాబాయికి ఇదంతా చెబితే, "అయితే ఇక సూది మానేయొచ్చన్నమాట" అన్నాడు. బాబాయ్, దండం పెడతాను, ఆ పని చెయ్యకు!